కట్టిన ఇంటికి వేడినీళ్లు: తిరుపతిలో సోలారా, గీజరా, గ్యాసా?

ఇల్లు కట్టేటప్పుడే గోడలో వేడినీళ్ల పైపు వేయించుకున్నవాళ్లకు ఈ వ్యాసంతో పెద్దగా పనిలేదు. ఇరవై ముప్పై ఏళ్ల కిందటి ఇల్లు, బాత్రూంలో ఒకటే కొళాయి, ఇన్నాళ్లూ పెరట్లో కాగు పెట్టి కాచుకున్నారు, లేదంటే బకెట్లో రాడ్డు వేసుకున్నారు. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్లున్నారు, కొళాయి తిప్పితే వేడినీళ్లు రావాలి. ఇలాంటి ఇళ్ల గురించే ఇక్కడ మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తిరుపతి ఊళ్లో నలుగురుండే మామూలు ఇంటికి బాత్రూంకొక చిన్న గీజర్ చాలు. ఏడెనిమిది మంది ఉండి, ఏడాదిలో ఎక్కువ నెలలు వేడినీళ్లు వాడే ఇంటికి, పలమనేరు, కుప్పం వైపు చల్లటి ఊళ్లలో ఇళ్లకు సోలార్, అంటే మిద్దె మీద ఎండకు నీళ్లు కాచే ట్యాంకు, కలిసొస్తుంది. గ్యాస్ గీజర్ బాత్రూం బయట గాలి ఆడే చోటుంటేనే, లేకపోతే ఆ మాటే వద్దు. షాపుకెళితే ఏ మెషీన్ మంచిదన్న దగ్గరే మాట మొదలవుతుంది. కట్టేసిన ఇంటికి అసలు చూడాల్సినవి వేరే ఉన్నాయి: మిద్దె నుంచి బాత్రూంకు పైపు ఎంత దూరం, మీ నీళ్లలో ఉప్పెంత, ఇంట్లో ఎవరు ఏ వేళకు స్నానం చేస్తారు. ఈ మూడూ తేలితే మెషీన్ దానంతటదే తేలుతుంది.

అమెరికాలో పిల్లల దగ్గర కొన్నాళ్లు ఉండి వచ్చినవాళ్లు ఇంటికంతా ఒకే చోట నుంచి వేడినీళ్లు కావాలని అడుగుతుంటారు. అక్కడి చలిదేశపు ఇళ్లలో చాలావాటికి కింద నేలమాళిగ ఉంటుంది. కొన్నిటిలో బాయిలర్ అందులో పెట్టి, వేడినీళ్లు ఇల్లంతా తిప్పి గదుల్ని కూడా వెచ్చబెడతారు. వేడినీళ్లు తేలికై పైకి లేస్తాయి కాబట్టి పాతరోజుల్లో పంపు లేకుండానే ఆ ఏర్పాటు నడిచేది. మనకు గదులు వెచ్చబెట్టే పనీ లేదు, నేలమాళిగా లేదు. మన నీళ్లు మిద్దె మీద నుంచి కిందికి దిగాలి. చిక్కంతా అక్కడే వస్తుంది.

బకెట్టు లెక్క

లీటరు నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే ఒక కిలో క్యాలరీ కావాలి. కరెంటు ఒక యూనిట్ అంటే 860 కిలో క్యాలరీలు. డిసెంబరు పొద్దున మన ట్యాంకు నీళ్లు 24 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. స్నానానికి 40 డిగ్రీలు చాలు. 20 లీటర్ల బకెట్టుకు 16 డిగ్రీలు పెంచాలి, అంటే 320 కిలో క్యాలరీలు, 0.37 యూనిట్. గీజర్ ట్యాంకు ఊరికే చల్లారే నష్టం కూడా కలిపి బకెట్టుకు 0.4 యూనిట్ వేసుకోండి.

నలుగురు, తలా ఒక బకెట్టు: రోజుకు 1.6 యూనిట్లు. మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు వాడకం పెరిగేకొద్దీ రేటు పెరుగుతుంది. మధ్య స్లాబులో యూనిట్ ఆరు రూపాయలనుకుంటే రోజుకు పది రూపాయల లోపు. తిరుపతిలో వేడినీళ్లు నిజంగా కావాల్సింది నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. ఆ నాలుగు నెలలకూ కలిపి పన్నెండు వందలు అవుతుంది. ఏప్రిల్ వచ్చిందంటే మిద్దె మీద సింటెక్స్ నీళ్లే మధ్యాహ్నం చెయ్యి పెట్టనివ్వవు, ఇంక గీజర్ ఎవరు వేస్తారు?

ఇప్పుడు సోలార్ పెట్టి ఆ పన్నెండు వందలు మిగుల్చుకుందామంటే, వంద లీటర్ల గాజు ట్యూబుల సోలార్ సుమారు పదిహేను నుంచి పాతిక వేల దాకా ఉంటుంది. పాత ఇంట్లో పైపు పనికి ఇంకో ఎనిమిది, పది వేలు. పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ఇరవై ఏళ్లకు పైగా పడుతుంది, అంతవరకు ఆ ట్యాంకు ఉంటే. అదే ఇంట్లో ఎనిమిది మంది ఉండి రోజుకు పది బకెట్లు వాడి, ఎనిమిది నెలలు వేడినీళ్లే కావాలంటే లెక్క తిరగబడుతుంది. రోజుకు నాలుగు యూనిట్లు. బిల్లు అప్పటికే పై స్లాబులో ఉంటుంది కాబట్టి యూనిట్ ఎనిమిది, తొమ్మిది రూపాయలు పడుతుంది. ఏడాదికి ఎనిమిది వేలకు అటూ ఇటూ. నాలుగైదేళ్లలో సోలార్ ఖర్చు వచ్చేస్తుంది.

షవర్ వాడేవాళ్లుంటే ఈ లెక్క మార్చుకోవాలి. మామూలు షవర్ నిమిషానికి ఎనిమిది, పది లీటర్లు పోస్తుంది. ఆరు నిమిషాలు నిలబడితే రెండున్నర, మూడు బకెట్లు అయిపోతాయి. కాలేజీకి వెళ్లే పిల్లలుంటే ఆరు నిమిషాలన్నది కూడా తక్కువే.

తిరుపతిలో ఇంకో లెక్క ఉంది, అది వేరే ఊళ్లవాళ్లకు ఉండదు. చుట్టాలు. దర్శనానికి వచ్చేవాళ్లు ముందురోజు రాత్రి దిగుతారు, అర్ధరాత్రి దాటాక ఒకరి తర్వాత ఒకరు తలస్నానాలు చేసి కొండకు బయల్దేరతారు. ఏడాదిలో ఎన్నోసార్లు ఇల్లు సత్రమయ్యే కుటుంబమైతే, ఇంట్లోవాళ్ల సంఖ్య కాదు, ఆ రాత్రి పడే బకెట్ల సంఖ్య చూసుకోవాలి. 15 లీటర్ల గీజర్ 60 డిగ్రీలకు కాగితే, చల్లనీళ్లు కలిపాక సుమారు 33 లీటర్ల స్నానపు నీళ్లు వస్తాయి. బకెట్టున్నర. మళ్లీ కాగడానికి ఇరవై నిమిషాలు ఆగాలి. పది మంది వరుసలో ఉంటే ఆఖరివాళ్లకు మూడు గంటలు. సోలార్‌లో పగలు కాగిన వంద లీటర్లు రాత్రికి కొద్దిగా చల్లారినా పది బకెట్ల దాకా సిద్ధంగా ఉంటాయి.

మిద్దె నుంచి బాత్రూం దాకా

పాత ఇళ్ల పటం మీకు తెలిసిందే. మెట్లు వీధివైపు, మెట్ల గది మీద ట్యాంకు, బాత్రూం పెరటివైపు. పైపు మిద్దె మీద అడ్డంగా పోయి, వెనక గోడ దిగి, బాత్రూం చేరేసరికి అరవై అడుగులు అవుతుంది. ముప్పావు అంగుళం పైపు అరవై అడుగుల్లో నాలుగున్నర లీటర్ల నీళ్లు నిలిచి ఉంటాయి. కొళాయి తిప్పగానే వచ్చేవి ఆ చల్లనీళ్లే. బకెట్టులో పావువంతు పట్టాక వేడి మొదలవుతుంది. స్నానం అయ్యాక అంతే వేడినీళ్లు పైపులో మిగిలి చల్లారిపోతాయి. నలుగురు వెంటవెంటనే స్నానాలు చేస్తే ఇది పెద్ద విషయం కాదు. ఒకరు ఐదింటికి, ఒకరు ఏడింటికి, ఒకరు తొమ్మిదింటికి అయితే ప్రతిసారీ కొత్తగా పావు బకెట్టు పోతుంది. ముఖం కడుక్కునే కొళాయికైతే వేడి వచ్చేలోపే పని అయిపోతుంది. బాత్రూం ఒక్కటే అయితే అరంగుళం పైపు వేస్తే నిలిచే నీళ్లు సగం తగ్గుతాయి గానీ ధార కూడా తగ్గుతుంది.

పైపు విషయంలో ఒక్క పొరపాటు చేయకండి. చల్లనీళ్లకు వాడే మామూలు తెల్ల పీవీసీ వేడినీళ్లకు వేస్తే మెత్తబడి, జాయింట్ల దగ్గర ఊడుతుంది. లేత పసుపు రంగులో వచ్చే సీపీవీసీ 90 డిగ్రీలు దాటినా తట్టుకుంటుంది, దాని జిగురు కూడా దానికే వేరుగా ఉంటుంది. ఎండకు ఆ పైపు పెళుసెక్కుతుంది కాబట్టి మిద్దె మీద పోయే భాగానికి నల్లటి ఫోం తొడుగు వేయించి, పైన ఎండ తగలకుండా టేపు చుట్టించాలి. చాలామంది ప్లంబర్లు తొడుగు మాట ఎత్తరు. మీరే తెచ్చి చేతికివ్వండి.

దానికంటే పెద్ద తగువు ట్యాంకు ఎత్తుది. సోలార్ ట్యాంకులోకి చల్లనీళ్లు దానంతటవే దిగాలంటే, మీ సింటెక్స్ అడుగు సోలార్ ట్యాంకు కంటే ఎత్తులో ఉండాలి. మోడల్‌ను బట్టి మిద్దె నేల నుంచి ఐదు నుంచి ఏడు అడుగులు. మెట్ల గది పైన ట్యాంకున్న ఇళ్లకు ఈ బాధ లేదు. మిద్దె మీదే రెండు వరసల ఇటుకలు పేర్చి ట్యాంకు పెట్టుకున్న ఇళ్లకు ఇనుప స్టాండ్ కట్టాలి. వెయ్యి లీటర్ల ట్యాంకు నిండితే టన్ను బరువు. ఆ స్టాండ్ కాళ్లు స్లాబు మధ్యలో కాదు, కింద పిల్లరో గోడో ఉన్న చోట దిగాలి. పాత స్లాబు మీద, అందులోనూ సీలింగ్ పెచ్చులు ఊడుతున్న ఇంట్లో, మేస్త్రీకి చూపించకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

ప్రెషర్ పంపు ఉన్న ఇళ్లలో ఇంకో వింత జరుగుతుంది. చల్లనీళ్ల లైనుకు పంపు బలం ఉంటుంది, సోలార్ నుంచి దిగే లైనుకు ఎత్తు బలం మాత్రమే. షవర్‌లో రెండూ కలిసే చోట చల్లనీళ్లు వేడి లైనులోకి ఎదురెక్కి సోలార్ ట్యాంకు దాకా పోతాయి. నీళ్లు ఎందుకు వేడెక్కట్లేదా అని అంతా సోలార్‌ను తిడుతుంటారు. వేడి లైనులో నాన్ రిటర్న్ వాల్వ్ పెట్టిస్తే ఎదురెక్కడం ఆగుతుంది. షవర్ సాఫీగా రావాలంటే మాత్రం రెండు లైన్లూ ఒకే బలంతో రావాలి.

బోరు నీళ్లా, కార్పొరేషన్ నీళ్లా

తిరుపతికి కల్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వస్తాయి. అవి బోరు నీళ్లకంటే మెత్తనివి. అవి చాలని ఇళ్లలో, ఊరి చుట్టూ కొత్తగా లేచిన కాలనీల్లో వాడకమంతా బోరు మీదే. కొళాయి మూతి దగ్గర తెల్లగా పేరుకోవడం, సబ్బు నురగ రాకపోవడం, బకెట్టు అడుగున గీకినా పోని పొర కనబడితే మీ నీళ్లు గడుసు నీళ్లని అర్థం. ఈ కాఠిన్యం తాగేనీళ్లలో లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలని, వేరే నీళ్లు దొరకని చోట 600 దాకా పర్వాలేదని భారత ప్రమాణం. ఆర్వో మెకానిక్ ముంచి చూపించే చిన్న మీటరు మొత్తం కరిగిన లవణాలను చూపిస్తుంది, కాఠిన్యాన్ని విడిగా చెప్పదు. కాఠిన్యం చూసే చుక్కల మందు కిట్టు వేరే దొరుకుతుంది, లేదా ల్యాబులో ఇస్తే చెబుతారు. ముప్పై వేల సరుకు కొనేముందు ఆ కాస్త ఖర్చు పెట్టడం న్యాయం.

నీళ్లు వేడెక్కేకొద్దీ ఈ ఉప్పు విడివడి గట్టిపడుతుంది, 60 డిగ్రీలు దాటితే మరీ తొందరగా. బోరు నీళ్ల మీద రెండేళ్లు నడిచిన గీజర్‌ను విప్పి చూస్తే లోపలి కాయిల్ కనబడదు. బూడిదరంగు తెలుపులో, చేతి వేలంత మందాన, పొరలు పొరలుగా రాయి కట్టి ఉంటుంది. స్క్రూడ్రైవర్‌తో కొడితే పెచ్చులు రాలి ట్యాంకు అడుగున గలగలమంటాయి. కాయిల్ వేడి ఆ రాతిపొర దాటి నీళ్లకు అందదు, లోపల అది మాడి కాలిపోతుంది.

సోలార్‌లో రెండు రకాలున్నాయి. నల్లటి గాజు ట్యూబులవి ఒకటి, రాగి పలకలున్న ఫ్లాట్ ప్లేట్ ఒకటి. ఫ్లాట్ ప్లేట్‌లో నీళ్లు సన్నటి రాగి పైపుల్లో తిరుగుతాయి. గడుసు నీళ్లకు ఆ పైపులు పూడుకుపోతాయి, ఆసిడ్ పోసి కడిగించాల్సి వస్తుంది. గాజు ట్యూబులు వెడల్పు కాబట్టి ఉప్పు అడుగున పేరుకున్నా చాన్నాళ్లు నడుస్తాయి, ఏడాదికోసారి విప్పి కడగొచ్చు. ఖరీదులో ఫ్లాట్ ప్లేట్ దాదాపు రెట్టింపు. అయినా దానికి ఒక చోట మేలుంది: కపిలతీర్థం, అలిపిరి వైపు కొండ అంచు వీధుల్లో మిద్దెల మీదికి కోతులు వస్తాయి. అవి గాజు ట్యూబుల మీద ఎక్కి దూకితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఫ్లాట్ ప్లేట్ మీది అద్దం గట్టిది. కోతులూ ఉండి బోరు నీళ్లూ అయితే సోలార్ ఆలోచన మానుకోవడమే సుఖం. తప్పదంటే హీట్ ఎక్స్‌ఛేంజర్ ఉన్న రకం తీసుకోవాలి. అందులో పలకల్లో తిరిగే నీళ్లు వేరు, మనం వాడే నీళ్లు వేరు. ధర ఎక్కువ.

సోలార్ ఎండ లేని రోజున

బెంగళూరులో ఏ మిద్దె చూసినా సోలార్ ట్యాంకే, మనకెందుకు వద్దంటున్నారు అని అడిగేవాళ్లున్నారు. బెంగళూరు సముద్ర మట్టానికి తొమ్మిది వందల మీటర్ల ఎత్తు, ఏడాది పొడుగునా పొద్దున చన్నీళ్లు ఒంటికి తగిలితే వణుకే. కొత్త ఇళ్లకు అక్కడ దాన్ని తప్పనిసరి కూడా చేశారు. తిరుపతి ఎత్తు నూట అరవై మీటర్లు. పలమనేరు, కుప్పం బెంగళూరుకు దగ్గర, ఎత్తు ఆరేడు వందల మీటర్లు. అక్కడివాళ్లు బెంగళూరును చూసి పెట్టుకుంటే తప్పులేదు. చిత్తూరు మధ్యలో ఉంటుంది, ఇంట్లో పెద్దవాళ్లుంటే అటు మొగ్గొచ్చు.

మన దగ్గర అసలు తిరకాసు ఋతువుది. చెన్నైలాగే మనకూ పెద్ద వానలు ఈశాన్య ఋతుపవనాలవి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. నవంబరు మరీ ఎక్కువ. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన సంగతి ఎవరూ మర్చిపోలేదు. అంటే వేడినీళ్లు కావాలని ఒళ్లు మొదటిసారి అడిగే రోజుల్లోనే మూడేసి రోజులు ఎండ ఉండదు. జనవరి, ఫిబ్రవరి ఆకాశం తేటగా ఉంటుంది, అప్పుడు సోలార్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. మే నెలలో అక్కర్లేకపోయినా మరిగిపోతుంది, సగం ట్యూబులకు గోనెపట్టా కప్పాల్సి వస్తుంది.

ఎండ లేని రోజుకు సోలార్ ట్యాంకులోనే కరెంటు కాయిల్ పెట్టి ఇస్తామంటారు. వద్దు. ఒక్కరి స్నానానికి వంద లీటర్లు కాచాలి, 25 నుంచి 60 డిగ్రీలకు నాలుగు యూనిట్లు, రెండు గంటలు. దాని బదులు సోలార్ నుంచి దిగే పైపును బాత్రూంలో ఒక చిన్న గీజర్ గుండా పోనివ్వండి. సోలార్ నీళ్లు వేడిగా వస్తే గీజర్ థర్మోస్టాట్ దానంతటదే ఊరుకుంటుంది, గోరువెచ్చగా వస్తే మిగతాది అది చూసుకుంటుంది. కొనేముందు ఆ గీజర్ వేడినీళ్లు లోపలికి తీసుకునే మోడలా కాదా అడగాలి. కొన్నిటికి వేడినీళ్లు పంపితే వారంటీ పోతుంది.

బిగించేటప్పుడు ట్యూబులు దక్షిణానికి చూడాలి. పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం మూడు దాకా పక్కింటి నీడ పడకూడదు. ఆ నీడ డిసెంబరులో చూసుకోవాలి. మే నెలలో సూర్యుడు నెత్తిమీద ఉంటాడు, అప్పుడు చూస్తే ఏ నీడా కనబడదు. పక్కవాళ్లు రేపు ఇంకో అంతస్తు లేపుతారేమో కూడా ఒక మాట కనుక్కోండి.

గీజర్: చాలా ఇళ్లకు ఇదే

పైపు ఆరడుగులు దాటదు, మిద్దెతో పనిలేదు, అద్దె ఇల్లయితే ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకుపోవచ్చు. బకెట్టు స్నానాల ఇంటికి 10 లేదా 15 లీటర్లు, షవర్ వాడితే 25. ధర ఆరు వేల నుంచి పన్నెండు వేల దాకా. స్టార్ గుర్తు ఎక్కువుంటే ట్యాంకు చుట్టూ వేడి నిలుపుకునే పొర మంచిదని. రోజంతా స్విచ్ వేసి ఉంచే అలవాటున్న ఇంటికి ఆ తేడా తెలుస్తుంది, అరగంట ముందు వేసి ఆపేసేవాళ్లకు ఐదు నక్షత్రాల కోసం అదనంగా పెట్టేది తిరిగి రావడం కష్టం. బోరు నీళ్లకు ట్యాంకు లోపల గాజుపూత ఉన్నది తీసుకోండి. లోపల మెగ్నీషియం కడ్డీ ఒకటి ఉంటుంది, ట్యాంకు బదులు అది తుప్పుకు బలవుతుంది. ఏడాదికోసారి విప్పించి చూడాలి, అరిగిపోతే మార్చాలి. ఆ కడ్డీ సంగతి తెలియక చాలామంది ట్యాంకే మార్చుకుంటున్నారు. వేడి 55 దగ్గర పెట్టుకుంటే ఉప్పు పట్టడం కూడా తగ్గుతుంది.

మూడు లీటర్ల ఇన్‌స్టంట్ గీజర్ చవక, మూడు వేలకు అటూ ఇటూ. మూడు కిలోవాట్లది నిమిషానికి మూడు లీటర్ల లోపే స్నానపు వేడికి తేగలదు, బకెట్టు నిండడానికి ఏడెనిమిది నిమిషాలు. వంటింటికి, చేతులు కడుక్కునే చోటికి భేష్. షవర్‌కు పనికిరాదు. కరెంటు దీనికి తక్కువవుతుందని అమ్మేవాళ్లు చెబుతారు. బకెట్టుకు కావాల్సిన వేడి ఏ మెషీన్‌కైనా ఒకటే, మిగిలేది ట్యాంకు చల్లారే నష్టం మాత్రమే.

కట్టిన ఇంట్లో గీజర్‌కు అసలు ఖర్చు వైరింగ్. రెండు కిలోవాట్ల గీజర్ తొమ్మిది ఆంపియర్ల దాకా లాగుతుంది, మూడు కిలోవాట్లది పదమూడు. లైటు స్విచ్ పక్కనున్న చిన్న ప్లగ్గుకు తగిలిస్తే వైరు కాలుతుంది. మెయిన్ బోర్డు నుంచి విడిగా కనీసం 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, దానికి వేరే ఎంసీబీ (లోడు ఎక్కువైతే దానంతటదే ఆగే స్విచ్), 16 ఆంపియర్ల సాకెట్, అన్నిటికంటే ముందు పనిచేసే ఎర్త్. పాత ఇళ్లలో ఎర్త్ గుంతలో కొన్నేళ్లుగా చెంబు నీళ్లు కూడా పోసి ఉండరు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించుకోండి, తడి ఒంటితో ముట్టుకునే చోట అది ప్రాణం కాపాడే వస్తువు. రెండు గీజర్లు, ఒక ఏసీ ఒకేసారి నడిచే ఇంట్లో మీటరుకు మంజూరైన లోడు ఎంతో బిల్లు మీద చూసుకోవాలి. తక్కువుంటే కరెంటాఫీసులో పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలి.

గ్యాస్ గీజర్ బాత్రూంలో వద్దు

దీని గుణం చెప్పాలంటే, వరుసబెట్టి ఎంతమంది వచ్చినా నీళ్లు అయిపోవు. కరెంటు పోయినా నడుస్తుంది. 14.2 కిలోల సిలిండర్‌తో మూడున్నర నుంచి నాలుగు వందల బకెట్లు కాగుతాయి. సిలిండర్ తొమ్మిది వందలనుకుంటే బకెట్టు రెండున్నర రూపాయలకు అటూ ఇటూ, మధ్య స్లాబు కరెంటుతో సమానం. చుట్టాల ఇంటికి దీనికి మించింది లేదు.

కానీ కిలో గ్యాస్ మండాలంటే పన్నెండు, పదమూడు ఘనపు మీటర్ల గాలి కావాలి. ఐదడుగులు, ఏడడుగుల బాత్రూం తలుపేస్తే లోపలుండే గాలి తొమ్మిది ఘనపు మీటర్లు లేదు. ఆరు లీటర్ల గ్యాస్ గీజర్ పావుగంట మండితే ఆ గాలిలో మూడోవంతు మంటకే పోతుంది. ఆ తర్వాత గ్యాస్ సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు, తల తిరుగుతోందని తెలిసేసరికి తలుపు దాకా వెళ్లే ఓపిక ఉండదు. స్నానాల గదిలో ఇలా చనిపోయినవాళ్ల వార్తలు ప్రతి చలికాలం పేపర్లో వస్తూనే ఉన్నాయి. కిటికీ ఉంది కదా అంటారు, చలికాలంలో ఆ కిటికీ ఎవరు తెరుస్తారు? ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కదా అంటారు, కరెంటు పోతే? పెరట్లో, బయటి గోడకు, వాన పడని చోట బిగించి పైపు ఒక్కటే లోపలికి తెచ్చుకునే వీలుంటే పెట్టుకోండి. ఫ్లాట్లలో ఆ వీలు దాదాపు ఉండదు.

ఇంకో చిన్న సంగతి. ఈ గీజర్ మంట అంటుకోవాలంటే నీళ్లకు కాస్త బలం ఉండాలి. పైఅంతస్తు బాత్రూంకు ట్యాంకు నాలుగైదు అడుగుల ఎత్తులోనే ఉంటే చాలాసార్లు అంటుకోదు. కింది అంతస్తులో చక్కగా నడిచింది పైన మొరాయించడానికి కారణం ఇదే.

మిగతావి

హీట్ పంపు ఏసీని తిరగేసినట్టు పనిచేస్తుంది, బయటి గాలిలోని వేడిని పిండి నీళ్లకిస్తుంది. గీజర్‌కు నాలుగు యూనిట్లయ్యే పని దీనికి యూనిట్టున్నర లోపు. మన వెచ్చటి గాలికి ఇంకా బాగా నడుస్తుంది. కాకపోతే ఖరీదు గీజర్‌కు ఎన్నో రెట్లు, పెట్టడానికి చోటు కావాలి, రిపేరుకు మనిషి దొరకాలి. లాడ్జీకి, హాస్టల్‌కు, కల్యాణమండపానికి కళ్లు మూసుకుని పెట్టొచ్చు. ఇంటికి అనవసరం.

మిద్దె మీద కరెంటు ప్యానెళ్లు పెట్టాలన్న ఆలోచన మీకుంటే మాత్రం వేడినీళ్ల సోలార్‌ను పక్కన పెట్టేయండి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకు కేంద్రం 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తోంది. వేడినీళ్ల సోలార్‌కు కేంద్రం ఇచ్చే సబ్సిడీ ఆగి చాలా ఏళ్లయింది. కిలోవాట్ ప్యానెల్ ఎండ రోజున నాలుగు యూనిట్ల దాకా ఇస్తుంది. మీ నలుగురి స్నానాలకు కావాల్సింది 1.6 యూనిట్లు. పగలు పంపిన కరెంటు నెట్ మీటర్లో జమ అవుతుంది, తెల్లవారుజామున గీజర్ వేసుకుంటే అందులోంచి తీసేస్తారు. మిద్దె నుంచి వేడినీళ్ల పైపు దించే గోలే లేదు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఊరికే ఉండే ట్యాంకు కంటే ఫ్యానుకూ ఫ్రిజ్‌కూ పనికొచ్చే ప్యానెల్ మేలు కదా.

పల్లెల్లో పెరడున్న ఇళ్లకు రాగి బాయిలర్ ఇప్పటికీ మంచిదే. మామిడి కొమ్మలు, కొబ్బరి మట్టలు, చెనక్కాయ తొక్కలు ఊరికే దొరికే ఇంట్లో దాన్ని తీసేసి గీజర్ పెట్టడం డబ్బు దండగ. పొగ ఇంట్లోకి రాకుండా చూసుకుంటే చాలు. రాడ్డు గురించి ఒక్క మాటే: పదిహేను నిమిషాల్లో బకెట్టు కాగుతుంది, కానీ స్విచ్ ఆపి, ప్లగ్గు తీశాకే నీళ్లలో చెయ్యి పెట్టాలి. చిన్నపిల్లలు, మతిమరుపున్న పెద్దవాళ్లు ఉన్న ఇంట్లో అది ఉండకూడదు.

ప్లంబర్ వచ్చేముందు

టేపు తీసుకుని ట్యాంకు నుంచి బాత్రూం కొళాయి దాకా పైపు పోయే దారి కొలవండి. నలభై అడుగులు దాటితే, ఇంట్లో ఐదుగురికి మించి లేకపోతే, ఆ కాగితం మీదే గీజర్ అని రాసేసుకోవచ్చు. అంతకంటే దగ్గరుండి, మనుషులు ఎక్కువుండి, నీళ్లు మెత్తనివైతే సోలార్ ధరలు కనుక్కోండి. ధర అడిగినప్పుడు మెషీన్ ధర, స్టాండ్, పైపు, తొడుగు, బిగింపు కూలి విడివిడిగా రాసివ్వమనండి. మొత్తం ఒకే అంకె చెప్పేవాళ్లు సాధారణంగా తొడుగు దగ్గర, వాల్వుల దగ్గర చెయ్యి ముడుచుకుంటారు. గడుసు నీళ్ల వల్ల వచ్చే రిపేరు వారంటీ కిందికి వస్తుందా రాదా, వారంటీ కార్డులో చదవండి. చాలావాటిలో రాదని చిన్న అక్షరాల్లో ఉంటుంది.

బాత్రూం టైల్స్ మార్చే ఆలోచన ఈ రెండేళ్లలో ఉంటే ఇప్పుడు గోడ పగలగొట్టించకండి. గీజర్ పైనే తగిలించుకుని, పైపు బయటికి కనబడినా సరే సర్దుకోండి. టైల్స్ విప్పిన రోజున వేడినీళ్లూ చల్లనీళ్లూ కలిపే మిక్సర్ కొళాయికి రెండు లైన్లు, మిద్దె దాకా ఒక సీపీవీసీ పైపు గోడలో వేయించి, పైన మూత బిగించి వదిలేయండి. కూలి అప్పటికే ఇస్తున్నారు కాబట్టి దానికయ్యేది పైపు ఖర్చే. రేపు ఇంట్లో మనుషులు పెరిగి సోలార్ పెట్టాలనుకుంటే ఆ మూత విప్పితే చాలు.